43 ఆంపియర్ల బోర్డు 20 ఆంపియర్లకే ఎందుకు మాడుతుంది?
మోటారు ఆగకుండా తిరగాలంటే తెలుసుకోవలసిన వేడి లెక్క

జంషెడ్‌పూర్‌లో సాక్చీ నుంచి మాన్గో వైపు, బిష్టుపూర్ నుంచి జుగ్‌సలాయీ వైపు పొద్దుటి నుంచి రాత్రి దాకా ఈ-రిక్షాలు తిరుగుతూనే ఉంటాయి. మే నెలలో ఇక్కడ పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. అలాంటి మధ్యాహ్నం, నిండా జనంతో ఎత్తు ఎక్కుతున్న బండి ఉన్నట్టుండి ఆగిపోతుంది. బ్యాటరీలో చార్జి ఉంటుంది, మోటారు బాగానే ఉంటుంది. సీటు కింద బిగించిన చిన్న అల్యూమినియం డబ్బా మాత్రం చెయ్యి పెట్టలేనంతగా కాలుతూ ఉంటుంది. ఆ డబ్బానే కంట్రోలర్. అది చల్లారాక బండి మళ్లీ కదిలితే అదృష్టమే. లోపల ట్రాన్సిస్టర్ మాడిపోతే ఆ రోజు సంపాదన పోయినట్టే, దానికి తోడు కొత్త కంట్రోలర్ ఖర్చు.

కాలేజీలో రోబో తయారుచేసే విద్యార్థికీ, ఇంట్లో తాతగారి చక్రాల కుర్చీకి మోటారు బిగించిన మెకానిక్‌కీ ఎదురయ్యేది ఇదే సమస్య. ఎలక్ట్రానిక్స్ భాషలో ఈ భాగాన్ని ‘మోటార్ డ్రైవర్’ అంటారు. బండి నడిపే డ్రైవరుతో కలిసిపోకుండా ఈ వ్యాసంలో కంట్రోలర్ అనే పిలుద్దాం. బ్యాటరీకీ మోటారుకీ మధ్య ఉండి, ఎంత కరెంటు ఎప్పుడు పంపాలో నిర్ణయించే స్విచ్చుల సముదాయం ఇది. ఈ స్విచ్చులు ఎందుకు వేడెక్కుతాయి? గంటల తరబడి పనిచేసినా చెడిపోకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి? దీనికి పెద్ద గణితం అక్కర్లేదు. గుణకారం, భాగహారం వస్తే చాలు.

వేడి ఎక్కడ పుడుతుంది?

కంట్రోలర్ లోపల మాస్‌ఫెట్ అనే ట్రాన్సిస్టర్లు ఉంటాయి. ఇవి సెకనుకు వేలసార్లు ఆన్, ఆఫ్ అవుతూ మోటారుకు వెళ్లే విద్యుత్తును ముక్కలు ముక్కలుగా పంపుతాయి. ఈ పద్ధతికి పీడబ్ల్యూఎం అని పేరు. మాస్‌ఫెట్ ఆన్‌లో ఉన్నప్పుడు కూడా దానికి కొద్దిపాటి నిరోధం ఉంటుంది. కరెంటు ఆ నిరోధం గుండా వెళ్లేటప్పుడు వేడి పుడుతుంది. 1841లో జేమ్స్ ప్రెస్కాట్ జూల్ ప్రకటించిన సూత్రం ప్రకారం ఈ వేడి కరెంటు వర్గానికి అనులోమంగా ఉంటుంది. అంటే కరెంటు రెట్టింపైతే వేడి నాలుగు రెట్లు, మూడింతలైతే తొమ్మిది రెట్లు. ఎక్కువ కరెంటు కంట్రోలర్ల కష్టాలకు మూలం ఈ వర్గమే.

రెండో రకం వేడి స్విచ్చింగ్ వల్ల వస్తుంది. ట్రాన్సిస్టర్ ఆఫ్ నుంచి ఆన్‌కు మారే అతి చిన్న వ్యవధిలో దాని మీద వోల్టేజీ, దాని గుండా కరెంటు రెండూ ఒకేసారి ఉంటాయి. ప్రతి మార్పులోనూ కొంచెం శక్తి వేడిగా పోతుంది. సెకనుకు ఎన్నిసార్లు మారితే అన్నిసార్లు ఈ నష్టం.

పాత పద్ధతి ట్రాన్సిస్టర్లతో పనిచేసే చిప్పుల కథ వేరు. విద్యార్థులందరికీ పరిచయమైన ఎల్298ఎన్ చిప్ అలాంటిదే. 2 ఆంపియర్ల దగ్గర అందులో సాధారణంగా 3.7 వోల్టుల దాకా వృథా అవుతుంది. అంటే ఏడు వాట్లకు పైగా వేడి. 12 వోల్టుల బ్యాటరీ ఇచ్చిన శక్తిలో దాదాపు మూడో వంతు మోటారుకు చేరకముందే పోతోందన్నమాట. ఈ చిప్ మీద అంత పెద్ద అల్యూమినియం రెక్కలు ఎందుకు ఉంటాయో ఇప్పుడు అర్థమవుతుంది.

డబ్బా మీది అంకెను ఎలా చదవాలి?

మాస్‌ఫెట్లతో పనిచేసే బోర్డుల్లో బీటీఎస్ 7960 అనే చిప్పులు రెండు ఉన్న బోర్డు బాగా ప్రచారంలో ఉంది. దాన్ని ‘43 ఆంపియర్ల మోటార్ డ్రైవర్’ అని అమ్ముతారు. కొన్నవారు 30 ఆంపియర్లు నిశ్చింతగా వాడవచ్చు అనుకుంటారు. చిప్ తయారుచేసిన ఇన్‌ఫినియన్ సంస్థ డేటాషీట్ తెరిస్తే 43 అనే అంకె వేరేచోట కనిపిస్తుంది. కరెంటు సాధారణంగా ఆ స్థాయికి చేరినప్పుడు చిప్ తనను తాను కాపాడుకోవడానికి కరెంటును కట్టడి చేస్తుంది. అది ప్రమాద హద్దు. రోజంతా మోయగల బరువు కాదు.

అదే డేటాషీట్‌లో మరో రెండు అంకెలు ఉన్నాయి. కరెంటు దారిలోని నిరోధం 25 డిగ్రీల వద్ద సాధారణంగా 16 మిల్లీ ఓములు, 150 డిగ్రీల వద్ద గరిష్ఠంగా 30.5 మిల్లీ ఓములు. ఒక మిల్లీ ఓమ్ అంటే ఓములో వెయ్యో వంతు. చాలా చిన్న నిరోధమే అనిపిస్తుంది. ఇప్పుడు లెక్క కట్టి చూద్దాం.

20 ఆంపియర్ల వద్ద, చిప్ చల్లగా ఉన్నప్పుడు: 20 ఇంటూ 20 ఇంటూ 0.016. అంటే 6.4 వాట్లు. అదే చిప్ బాగా వేడెక్కాక నిరోధం 30.5 మిల్లీ ఓములకు చేరితే 12.2 వాట్లు. 43 ఆంపియర్ల వద్ద వేడెక్కిన చిప్పుల్లో పుట్టేది సుమారు 56 వాట్లు. రిపేరు షాపుల్లో వాడే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్లు రెండింటిని వేలిగోరంత చిప్పుల మీద ఆనించి ఉంచినట్టు. ఏ బోర్డూ దాన్ని ఎక్కువసేపు భరించలేదు.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఇంకొకటి ఉంది. వేడెక్కితే నిరోధం పెరుగుతుంది. నిరోధం పెరిగితే వేడి ఇంకా ఎక్కువ పుడుతుంది. ఆ వేడి నిరోధాన్ని మళ్లీ పెంచుతుంది. పుట్టిన వేడి అంతా బయటికి పోతూ ఉంటే ఈ చక్రం ఒకచోట స్థిరపడుతుంది. పోకపోతే చిప్ మాడేదాకా సాగుతుంది. కాబట్టి ఒక బోర్డు ఎంత కరెంటు మోస్తుందన్నది చిప్ ఒక్కటే చెప్పలేదు. దాని చుట్టూ మనం కట్టే ఏర్పాటే అసలు సంగతి తేలుస్తుంది.

వేడికి ఒక దారి కావాలి

వేడి కూడా విద్యుత్తులాగే ప్రవహిస్తుంది. విద్యుత్తును వోల్టేజీ తేడా నెడితే, వేడిని ఉష్ణోగ్రత తేడా నెడుతుంది. తీగకు నిరోధం ఉన్నట్టే వేడి వెళ్లే దారికీ నిరోధం ఉంటుంది. దాన్ని ఉష్ణ నిరోధం అంటాం. ఒక వాట్ వేడి ఆ దారి గుండా పోవాలంటే ఎన్ని డిగ్రీల తేడా కావాలో అదే దాని కొలత. ఉదాహరణకు ఉష్ణ నిరోధం వాట్‌కు 5 డిగ్రీలైతే, 10 వాట్ల వేడి వెళ్లడానికి 50 డిగ్రీల తేడా కావాలి.

చిప్ లోపలి సిలికాన్ ముక్క నుంచి బయటి గాలి దాకా ఈ దారిలో మజిలీలు వరసగా ఉంటాయి. సిలికాన్ నుంచి చిప్ అడుగుభాగం, అక్కడి నుంచి బోర్డు లేదా ప్యాడ్, ఆ తర్వాత హీట్ సింక్, చివరికి గాలి. మజిలీల నిరోధాలన్నీ కలుపుకోవాలి. ఒక్క మజిలీ ఇరుగ్గా ఉన్నా మిగతా దారి ఎంత విశాలంగా ఉంటే ఏం లాభం?

ఏ పదార్థం వేడిని ఎంత బాగా మోస్తుందో చూస్తే ఇరుకు ఎక్కడుందో తెలుస్తుంది. మీటరు, డిగ్రీ లెక్కన రాగి సుమారు 400 వాట్లు మోస్తుంది, అల్యూమినియం 200కు పైగా. బోర్డు తయారీలో వాడే గాజు పీచు పలక 0.3 మాత్రమే. కదలని గాలి 0.026. అంటే అల్యూమినియంతో పోలిస్తే గాలి వేల రెట్లు చెడ్డ వాహకం. చిప్‌కూ హీట్ సింక్‌కూ మధ్య కంటికి కనిపించని గీతల్లో, గుంటల్లో చిక్కుకున్న గాలి పొరే చాలాచోట్ల అసలు దోషి. థర్మల్ పేస్ట్ పని ఆ గాలిని తరిమి ఆ ఖాళీలను నింపడమే. పేస్ట్ గాలికన్నా ఎన్నో రెట్లు మేలు, కానీ లోహం కన్నా చాలా తక్కువ. అందుకే దాన్ని పలచగా రాయాలి. రొట్టె మీద వెన్నలా దట్టంగా పూస్తే అదే అడ్డుగోడ అవుతుంది.

మార్కెట్లో దొరికే చాలా బీటీఎస్ 7960 బోర్డుల్లో చిప్పులు ఒకవైపు, హీట్ సింక్ రెండోవైపు ఉంటాయి. వేడి మధ్యలోని బోర్డును దాటి రావాలి. బోర్డులో వేసిన చిన్న రంధ్రాల రాగి పూత గుండానే ఎక్కువ భాగం వస్తుంది. ఆ రంధ్రాలు తక్కువైతే ఎంత పెద్ద సింక్ బిగించినా ఉపయోగం పరిమితమే. ‘అయితే చిప్ మీదే ఒక సింక్ పెడితే సరి’ అనుకోవద్దు. ఈ చిప్ లోహపు భాగం మోటారుకు వెళ్లే అవుట్‌పుట్‌తో కలిసి ఉంటుంది. రెండు చిప్పుల లోహపు భాగాలకూ ఒకే అల్యూమినియం ముక్క తగిలితే షార్ట్ సర్క్యూటే. మధ్యలో విద్యుత్తును ఆపి వేడిని వదిలే మైకా రేకో సిలికాన్ ప్యాడో తప్పనిసరి.

మే నెల మధ్యాహ్నం లెక్క

ఇప్పుడు జంషెడ్‌పూర్ ఎండలోకి వద్దాం. విజయవాడ, రామగుండం, కొత్తగూడెం పాఠకులు తమ ఊరి ఎండనే ఊహించుకోవచ్చు. లెక్క మారదు.

బయట నీడలో 45 డిగ్రీలు. మూసిన డబ్బాలో గాలి బయటికన్నా 15 డిగ్రీలు ఎక్కువ అనుకుందాం. అంటే చిప్ చుట్టూ గాలి 60 డిగ్రీలు. సిలికాన్ మామూలుగా 150 డిగ్రీల దాకా తట్టుకున్నా, ఎక్కువకాలం మన్నాలంటే 125 దాటకుండా చూడటం మంచిది. మన చేతిలో ఉన్న బడ్జెట్ 125లో 60 పోగా 65 డిగ్రీలు. ఇంతే. దారిలోని మజిలీలన్నీ ఈ 65 డిగ్రీల్లోనే సర్దుకోవాలి.

20 ఆంపియర్ల వద్ద పుట్టే వేడి 12 వాట్లు, స్విచ్చింగ్ నష్టం మరో 3 వాట్లు, మొత్తం 15 వాట్లు అనుకుందాం. రెండు చిప్పులు పంచుకుంటే ఒక్కోదానికి ఏడున్నర. చిప్ నుంచి బోర్డు గుండా సింక్ దాకా ఉష్ణ నిరోధం వాట్‌కు 3 డిగ్రీలైతే అక్కడే 22 డిగ్రీలు ఖర్చు. మిగిలింది 43. దాన్ని 15 వాట్లతో భాగిస్తే 2.9 వస్తుంది. అంటే హీట్ సింక్ ఉష్ణ నిరోధం వాట్‌కు 2.9 డిగ్రీల కన్నా తక్కువ ఉండాలి. బోర్డుతో పాటు వచ్చే చిన్న సింక్‌కు, ఫ్యాన్ లేకుండా, ఇది సాధ్యం కాదు. దానికన్నా చాలా పెద్దది కావాలి. అప్పుడు కూడా సింక్ ఉష్ణోగ్రత 100 దాటుతుంది. మామూలు పీవీసీ తీగల తొడుగు 70 డిగ్రీల కోసం చేసినదని గుర్తుంచుకుంటే, సీటు కింద అంత వేడి ముద్ద ఉండటం ఏమంత క్షేమం కాదు.

అదే సింక్ మీద చిన్న ఫ్యాన్ పెట్టి గాలి ఆడిస్తే? కదిలే గాలి వేడిని ఎన్నో రెట్లు ఎక్కువగా తీసుకుపోతుంది. ఉష్ణ నిరోధం 2.9 నుంచి 1కి తగ్గిందనుకుంటే సింక్ 75 డిగ్రీల దగ్గర, చిప్ 97 దగ్గర ఆగుతాయి. చిప్ చల్లబడింది కాబట్టి దాని నిరోధం కూడా తగ్గి, పుట్టే వేడి ఇంకాస్త తగ్గుతుంది. మనల్ని భయపెట్టిన చక్రమే ఇప్పుడు మనకు అనుకూలంగా తిరుగుతుంది.

జనవరిలో బయట 25 డిగ్రీలున్నప్పుడు ఇదే లెక్క వేస్తే బడ్జెట్ 65 కాదు, 85 డిగ్రీలు. చలికాలంలో హాయిగా నడిచిన బండి వేసవిలో మొరాయించడానికి కారణం ఇదే. కంట్రోలర్ చెడిపోలేదు. దాని బడ్జెట్‌లో దాదాపు నాలుగో వంతును ఎండ తినేసింది.

అయిదు నిమిషాల పరీక్ష ఎందుకు చాలదు?

‘బల్ల మీద అయిదు నిమిషాలు నడిపి చూశాం, బాగానే ఉంది’ అన్న మాట తరచూ వింటాం. ఆ అయిదు నిమిషాల్లో జరిగేది ఏమిటంటే, పుట్టిన వేడిని హీట్ సింక్ లోహం తనలో దాచుకుంటుంది. కుండలో నీళ్లు నిండుతున్నంతసేపూ బయటికి పొర్లవు. అలాగన్నమాట.

200 గ్రాముల అల్యూమినియం సింక్ ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 180 జౌళ్ల శక్తి కావాలి. దాన్ని 2.9తో గుణిస్తే 522 సెకన్లు, దాదాపు 9 నిమిషాలు. ఇది ఆ సింక్ కాల స్థిరాంకం. అంటే చివరికి చేరబోయే ఉష్ణోగ్రత పెరుగుదలలో 63 శాతం చేరడానికే 9 నిమిషాలు పడుతుంది. 95 శాతం చేరడానికి దానికి మూడింతలు, 26 నిమిషాలు. అయిదు నిమిషాలకు సింక్ తన ప్రయాణంలో సగం కూడా దాటదు. కాబట్టి నిరంతరం వాడబోయే కంట్రోలర్‌ను కనీసం ముప్పావు గంట, పూర్తి బరువుతో, డబ్బా మూసి, వీలైతే మధ్యాహ్నపు వేడిలోనే పరీక్షించాలి. ఉష్ణోగ్రత పెరగడం ఆగిపోయి స్థిరపడిందని నమోదు చేసుకున్నాకే పరీక్ష ముగిసినట్టు.

ఇంకో సూక్ష్మం ఉంది. సింక్ నిమిషాల్లో వేడెక్కితే, సిలికాన్ ముక్క మిల్లీ సెకన్లలో వేడెక్కుతుంది. మోటారు బిగుసుకుపోయినప్పుడు కరెంటు మామూలుకన్నా ఎన్నో రెట్లు పెరుగుతుంది. అప్పుడు సింక్ చల్లగా ఉన్నా చిప్ కాలిపోవచ్చు. నిరంతర వేడికి సింక్ జవాబు. క్షణికమైన వేడికి కరెంటు కట్టడి జవాబు. ఒకటి ఉందని రెండోది మానకూడదు.

రైలింజను ఏం చేస్తుంది?

టాటానగర్ స్టేషన్ గుండా ఇనుప ఖనిజం నింపుకున్న గూడ్సు బళ్లు రాత్రింబవళ్లు వెళుతుంటాయి. వాటిని లాగే ఇంజన్లలో డబ్ల్యూఏజీ-9 ఒకటి. 1990వ దశకంలో ఏబీబీ సంస్థ పరిజ్ఞానంతో మన దేశానికి వచ్చిన ఈ ఇంజను శక్తి 6,120 హార్స్‌పవర్. దీనిలో ఒక్కొక్కటి 850 కిలోవాట్ల మోటార్లు ఆరు ఉంటాయి. ఈ మోటార్లను నడిపే కన్వర్టర్ కూడా పని రీత్యా మన ఈ-రిక్షా కంట్రోలర్‌కు పెద్దన్నే. స్విచ్చుల పనే చేస్తుంది, అదే విధంగా వేడెక్కుతుంది.

ఎంత వేడో ఊహించడానికి ఒక లెక్క. కన్వర్టర్ 98 శాతం సామర్థ్యంతో పనిచేస్తుందనుకున్నా, 4,500 కిలోవాట్లలో మిగిలిన రెండు శాతం 90 కిలోవాట్లు. ఒక కిలోవాట్ ఇస్త్రీ పెట్టెలు తొంభై ఒకేసారి వెలిగించినంత వేడి ఆ ఇనుప గదిలో పుడుతుంది. ఉత్త గాలితో దాన్ని వదిలించడం కష్టం. అందుకే మొదట్లో వచ్చిన కన్వర్టర్లలో స్విచ్చులను చల్లబరచడానికి నూనెను పంపులతో తిప్పేవారు. తర్వాత వచ్చిన ఐజీబీటీ కన్వర్టర్లలో గ్లైకాల్ కలిపిన నీటిని వాడుతున్నారు. వేడిని మోసుకొచ్చిన ద్రవాన్ని రేడియేటర్‌లోకి పంపి, బ్లోయర్లతో గాలి ఊది చల్లారుస్తారు.

ఈ ఇంజను నుంచి మనం నేర్చుకోవలసిన పాఠం మరొకటి ఉంది. దాని మోటారు శక్తి ఒక కిలోవాట్ రిక్షా మోటారుకన్నా 850 రెట్లు. కరెంటు మాత్రం సుమారు 270 ఆంపియర్లే. 48 వోల్టుల రిక్షా బ్యాటరీ ఒక కిలోవాట్‌కు ఇచ్చే 21 ఆంపియర్లతో పోలిస్తే 13 రెట్లు. ఇది ఎలా సాధ్యమైంది? ఇంజను మోటారు 2,180 వోల్టుల మీద నడుస్తుంది. వోల్టేజీ పెంచి కరెంటును అదుపులో ఉంచారు. వేడిని వదిలించే తంటాలకు ముందే, పుట్టకుండా చూసుకోవడం అంటే ఇదే.

పుట్టే వేడినే తగ్గించడం

మన చిన్న కంట్రోలర్లకూ ఈ సూత్రం వర్తిస్తుంది. 12 వోల్టుల మోటారు బదులు అదే శక్తి ఉన్న 24 వోల్టుల మోటారు ఎంచుకుంటే కరెంటు సగమవుతుంది, స్విచ్చుల నిరోధం వల్ల పుట్టే వేడి నాలుగో వంతుకు పడిపోతుంది. ఏ ఫ్యాన్ కూడా ఇంత చౌకగా ఇంత మేలు చెయ్యదు.

రెండో మార్గం మాస్‌ఫెట్లను పక్కపక్కన జోడించడం. ఒకటి చేసే పనిని రెండు పంచుకుంటే మొత్తం నిరోధం సగం, మొత్తం వేడి సగం. ఒక్కోదాని వాటా నాలుగో వంతే. వేడెక్కితే నిరోధం పెరిగే గుణం ఇక్కడ మేలు చేస్తుంది. ఎక్కువ వేడెక్కిన మాస్‌ఫెట్ తనంతట తానే కరెంటును పక్కదానికి వదులుతుంది. పెద్ద కంట్రోలర్ విప్పి చూస్తే మాస్‌ఫెట్లు వరసగా బారులు తీరి కనిపించడానికి కారణం ఇదే.

మూడోది పీడబ్ల్యూఎం వేగం. మోటారు నుంచి వచ్చే కీచుమనే శబ్దం చెవికి వినపడకూడదని 20 కిలోహెర్ట్‌జ్‌కు పెంచుతారు. మంచిదే. కానీ అంతకుమించి పెంచితే స్విచ్చింగ్ నష్టం పెరగడం తప్ప ప్రయోజనం తక్కువ.

నాలుగోది తీగలు, బిగింపులు. చదరపు మిల్లీమీటరున్నర రాగి తీగ నిరోధం మీటరుకు సుమారు 11.5 మిల్లీ ఓములు. రెండు మీటర్ల తీగ వాడితే 23. ఇది మన చిప్పుల 16 మిల్లీ ఓముల కన్నా ఎక్కువ! స్క్రూ వదులైన చోట నిరోధం దీనికన్నా పెరగవచ్చు. కంట్రోలర్ మాడిందనుకుని మార్చిన చాలాచోట్ల ముందుగా నల్లబడింది ఆ కనెక్టరే కావచ్చు. నిప్పు పుట్టే ప్రమాదం కూడా అక్కడే ఎక్కువ.

సీటు కింద ఏం జరుగుతుంది?

కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 2014లో చేసిన సవరణ ప్రకారం ఈ-రిక్షా మోటారు శక్తి 2,000 వాట్లకు, వేగం గంటకు 25 కిలోమీటర్లకు మించకూడదు. డ్రైవర్ కాక నలుగురు ప్రయాణికులు. ఇంతకన్నా ఎక్కువమందిని ఎక్కించినప్పుడు నియమం ఒక్కటే కాదు, వేడి లెక్క కూడా తప్పుతుంది.

అన్నిటికన్నా గడ్డు పరీక్ష నిదానంగా ఎత్తెక్కడం. అప్పుడు మోటారుకు ఎక్కువ కరెంటు కావాలి. బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు మీటరు మీద తక్కువగానే కనిపించవచ్చు. కానీ కంట్రోలర్ వోల్టేజీని తగ్గించి ఇస్తున్నందువల్ల మోటారు తీగల్లో కరెంటు దానికన్నా ఎంతో ఎక్కువ. మాస్‌ఫెట్లు మోసేది ఆ కరెంటునే. పైగా బండి నెమ్మదిగా పోతుంటే ఎదురుగాలి కూడా ఉండదు. వేడి ఎక్కువ, గాలి తక్కువ.

సీటు కింద గోనెసంచుల పక్కన, గాలి ఆడనిచోట బిగించిన కంట్రోలర్‌కు దాని అల్యూమినియం డబ్బా ఉన్నా లేనట్టే. దాన్ని బండి ఇనుప చట్రానికి చదునైన చోట, పలచగా పేస్ట్ రాసి బిగిస్తే చట్రమే హీట్ సింక్‌గా పనిచేస్తుంది. రెక్కలు నిలువుగా ఉండేలా బిగించాలి. వేడి గాలి పైకి పోతుంది కాబట్టి నిలువు రెక్కల మధ్య అది తనంతట తానే కదులుతుంది. అడ్డంగా ఉంటే అక్కడే చిక్కుకుంటుంది.

తర్వాత దుమ్ము. ఉక్కు కర్మాగారాలు, గనులు ఉన్న ప్రాంతాల్లోనూ మట్టి రోడ్ల మీదా ఇది పెద్ద శత్రువు. రెక్కల మధ్య పేరుకున్న దుమ్ము కంబళిలా పనిచేస్తుంది. అందులో లోహపు రజను ఉంటే బోర్డు మీద పడి షార్ట్ కూడా చెయ్యవచ్చు. అందుకే బోర్డును మూసిన డబ్బాలో ఉంచి, సింక్‌ను మాత్రం బయటికి పెట్టడం మంచి పద్ధతి. పెద్ద ఉక్కు మిల్లుల్లోనూ రోలింగ్ మోటార్లను నడిపే ఎలక్ట్రానిక్స్‌ను వేరే గదిలో ఉంచి, వడగట్టిన చల్లని గాలిని లోపలికి నెడతారు. లోపలి గాలి ఒత్తిడి కాస్త ఎక్కువగా ఉంటే దుమ్ము చొరబడదు. ఫ్యాన్ ఉన్న చిన్న డబ్బాకు ఒక వడపోత జాలీ పెట్టడం ఇదే ఆలోచనకు చిన్న రూపం. జాలీని శుభ్రం చేయకపోతే మాత్రం అదే ఊపిరి ఆపుతుంది.

ఎప్పుడూ హద్దు దాటకపోయినా కంట్రోలర్లు ఎందుకు చెడిపోతాయన్న ప్రశ్నకు జవాబు ఎక్కి దిగే ఉష్ణోగ్రతలో ఉంది. ఒక డిగ్రీకి సిలికాన్ పదిలక్షల్లో సుమారు 2.6 వంతులు వ్యాకోచిస్తే, రాగి 17, అల్యూమినియం 23. ప్రతి సవారీకీ వేడెక్కి, ప్రతి స్టాండు దగ్గరా చల్లారుతుంటే, వీటిని కలిపి పట్టుకున్న సోల్డర్ అతుకు ఇటూ అటూ లాగబడి చివరికి పగుళ్లిస్తుంది. ఇనుప తీగను వంచి వంచి విరిచినట్టే. పగులు వచ్చాక వేడికి దారి ఇరుకవుతుంది, చిప్ మరింత వేడెక్కుతుంది. పక్కనే ఉండే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లదీ ఇదే బాధ. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ వాటి ఆయుష్షు సుమారు సగమవుతుందని ఇంజనీర్లు లెక్క వేస్తారు. అంటే పది డిగ్రీలు చల్లగా ఉంచితే ఆయుష్షు రెట్టింపు.

ఆపడం కన్నా తగ్గించడం మేలు

బీటీఎస్ 7960 లాంటి చిప్పుల్లో లోపలి ఉష్ణోగ్రత 175 డిగ్రీల దరిదాపులకు చేరితే తమంతట తామే ఆఫ్ అయ్యే ఏర్పాటు ఉంటుంది. ఇది చిప్‌ను కాపాడుతుంది. కానీ బండిలో ఉన్నవారి సంగతి? మాన్గో వంతెన మీద రద్దీలో బండి హఠాత్తుగా నిలిచిపోవడం క్షేమం కాదు. చక్రాల కుర్చీ ర్యాంపు మధ్యలో ఆగడం అంతకన్నా ప్రమాదం. ఆ చివరి రక్షణ దాకా వ్యవహారం వెళ్లకూడదు.

సింక్ మీద, చిప్‌కు వీలైనంత దగ్గరగా, 10 కిలోఓముల థర్మిస్టర్ ఒకటి అతికించండి. ఇది చాలా చౌకైన భాగం. సింక్ ఉదాహరణకు 80 డిగ్రీలు దాటగానే కంట్రోలర్ గరిష్ఠ కరెంటును కొద్దికొద్దిగా తగ్గించేలా, 95 దగ్గర పూర్తిగా ఆపేలా ప్రోగ్రాం రాయవచ్చు. కరెంటును 30 శాతం తగ్గిస్తే వేడి దాదాపు సగమవుతుంది. వర్గం లెక్క ఇప్పుడు మన పక్షాన ఉంది. బండి కొంచెం నెమ్మదిస్తుంది, కానీ ఇంటికి చేరుతుంది. మెరుగైన కంట్రోలర్లు ఇలాగే పనిచేస్తాయి. కొనేటప్పుడు ఈ సౌకర్యం ఉందా అని అడగడం కొనేవారి హక్కు.

చేత్తో తాకి చూసి నిర్ణయించడం వద్దు. 60 డిగ్రీల లోహాన్నే మనం పట్టుకోలేం. 65 డిగ్రీల క్షేమమైన సింక్‌కూ 110 డిగ్రీల ప్రమాదకరమైన సింక్‌కూ చేతికి తేడా తెలియదు. పైగా కొన్ని సింక్‌లలో విద్యుత్తు కూడా ఉండవచ్చు.

బిగించే ముందు ఇవి చూసుకోండి

• డబ్బా మీది అంకె కాదు, డేటాషీట్‌లో వేడెక్కినప్పటి నిరోధం చూడండి. కరెంటు వర్గంతో గుణించి వాట్లు లెక్కకట్టండి.
• మీ ఊరి మే నెల ఉష్ణోగ్రతకు మూసిన డబ్బా కోసం మరో 15 డిగ్రీలు కలపండి. 125లో అది తీసివేస్తే మీ బడ్జెట్ వస్తుంది.
• అంత బడ్జెట్‌కు సరిపడే సింక్ దొరకకపోతే కరెంటు తగ్గించండి, లేదా వోల్టేజీ పెంచండి, లేదా ఫ్యాన్ పెట్టండి.
• పేస్ట్ పలచగా రాయండి. విద్యుత్తు ఉన్న లోహపు భాగాల కింద ఇన్సులేటింగ్ ప్యాడ్ మరవద్దు.
• తీగలు లావుగా, పొట్టిగా ఉండాలి. వారం తర్వాత స్క్రూలు మళ్లీ బిగించండి.
• ముప్పావు గంట పూర్తి బరువు పరీక్ష చేశాకే నమ్మండి.
• నెలకోసారి, విద్యుత్తు ఆపేసి, రెక్కల దుమ్ము బ్రష్‌తో దులపండి. ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడండి.

ఈ పనుల్లో చాలావాటికి డబ్బు కన్నా శ్రద్ధే ఎక్కువ కావాలి. కాగితం మీద పది నిమిషాల లెక్క, ఒక థర్మిస్టర్, ఒక బ్రష్. రోజుకు పది గంటలు రోడ్డు మీద ఉండే మనిషికి ఆ పది నిమిషాలు ఒక వేసవిని నష్టం లేకుండా గడిపించగలవు. ఈ లెక్క విద్యార్థుల నోటు పుస్తకాల నుంచి రిపేరు షాపుల బల్లల మీదికి చేరితే, ఎండాకాలంలో రోడ్డు పక్కన ఆగిపోయే బళ్లు తప్పకుండా తగ్గుతాయి.